పికిల్‌బాలా, ప్యాడెలా: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి తేడా ఎక్కడ తెలుస్తుంది

క్లుప్తంగా: రెండూ నెట్‌కి అటూ ఇటూ నిలబడి బ్యాట్‌తో బంతి కొట్టుకునే ఆటలు, ప్యాడెల్‌లో కోర్టు చుట్టూ అద్దం గోడలు కూడా ఉంటాయి. రెండూ మొదటి గంటలోనే ఆడేయగలిగేవే, అందుకని "ఏది ఈజీ" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. తేడా నెలా రెండు నెలల తర్వాత బయటపడుతుంది. పికిల్‌బాల్‌లో గట్టిగా కొట్టకుండా చేతిని ఆపుకోవడం నేర్చుకోవాలి, ప్యాడెల్‌లో బంతి మనల్ని దాటి పోతున్నా కంగారుపడకుండా ఆగడం నేర్చుకోవాలి. దగ్గర్లో కోర్టు, తోడు మనుషులు, ఖర్చు, వయసు ఇవన్నీ కలిపి చూస్తే తెలుగు ఊళ్ళలో ఉండే ఎక్కువమందికి ముందు పికిల్‌బాలే కుదురుతుంది. టెన్నిస్ లేదా స్క్వాష్ అలవాటుండి నలుగురు పక్కాగా దొరికేవాళ్ళకి, గల్ఫ్‌లో ఉండేవాళ్ళకి ప్యాడెల్ మంచి దారి.

పేర్ల దగ్గరే తికమక

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే ఆన్‌లైన్‌లో బ్యాట్ కొనేటప్పుడు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పికిల్‌బాల్ ఆడే బ్యాట్‌ని ప్యాడిల్ అంటారు. ప్యాడెల్ అనేది వేరే ఆట పేరు, ఆ ఆటలో బ్యాట్‌ని రాకెట్ అంటారు, దానికి తీగలుండవు, రంధ్రాలుంటాయి. ప్యాడిల్ పల్చగా ఉంటుంది, ఎక్కువగా 14 నుంచి 16 మిల్లీమీటర్లు, బరువు 210 నుంచి 240 గ్రాముల మధ్య. ప్యాడెల్ రాకెట్ 38 మిల్లీమీటర్ల మందం దాకా ఉండొచ్చు, బరువు ఎక్కువగా 350 గ్రాముల పైమాటే. ఒకదానితో ఇంకోటి ఆడటం కుదరదు.

పికిల్‌బాల్‌కి మన పచ్చళ్ళకి ఏ సంబంధమూ లేదు. 1965లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం బైన్‌బ్రిడ్జ్ ఐలాండ్‌లో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ అనే ముగ్గురు ఇంట్లో పిల్లలకి ఏదో ఒక కాలక్షేపం కావాలని పాత బ్యాడ్మింటన్ కోర్టులో, టేబుల్ టెన్నిస్ బ్యాట్లలాంటి వాటితో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో మొదలుపెట్టిన ఆట ఇది. ప్యాడెల్ 1969లో మెక్సికోలోని అకపుల్కోలో పుట్టింది, ఎన్రిక్ కోర్కుయెరా అనే ఆయన ఇంటి స్థలంలో గోడల మధ్య కోర్టు కట్టుకున్నారు, 1974లో అది స్పెయిన్‌లోని మార్బెయాకి చేరింది, అక్కణ్ణుంచి అర్జెంటీనాకి పాకింది. ఇవాళ స్పెయిన్‌లో టెన్నిస్ ఆడేవాళ్ళ కన్నా ప్యాడెల్ ఆడేవాళ్ళే ఎక్కువ.

ఈ పుట్టుకలు ఊరికే చెప్పుకునే కథలు కావు. ఒకటి బ్యాడ్మింటన్ కోర్టు మీద పుట్టింది, ఇంకోటి గోడల మధ్య పుట్టింది. ఆ తర్వాత వచ్చిన తేడాలన్నీ, ఖర్చుతో సహా, చాలావరకు అక్కడివే.

బంతిని బట్టే ఆట

పికిల్‌బాల్ బంతి 22 నుంచి 26.5 గ్రాములు, ప్లాస్టిక్, ఒళ్ళంతా చిల్లులు. ప్యాడెల్ బంతి చూడ్డానికి టెన్నిస్ బంతిలాగే ఉంటుంది, బరువు 56 గ్రాముల పైన, లోపలి ప్రెషర్ మాత్రం టెన్నిస్ బంతి కన్నా కాస్త తక్కువ. చిల్లుల బంతిని ఎంత గట్టిగా కొట్టినా గాలిలో త్వరగా వేగం తగ్గిపోతుంది, నేల మీద పడితే పెద్దగా లేవదు. అందుకే మొదటిరోజే అరవై ఏళ్ళాయన, పదేళ్ళ పిల్ల కూడా ర్యాలీ (బంతి ఆగకుండా అటూ ఇటూ కొట్టుకోవడం) నడిపించేస్తారు. అదే కారణం వల్ల కొన్ని వారాల తర్వాత ఆట కష్టమవుతుంది కూడా, ఎందుకంటే బలం ఒక్కదానితో పాయింట్లు రావు.

పికిల్‌బాల్ కోర్టు 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. నెట్ మధ్యలో 34 అంగుళాలు. నెట్‌కి రెండు వైపులా ఏడేసి అడుగుల జాగాని కిచెన్ అంటారు, అందులో నిలబడి బంతిని నేల తగలకుండా గాల్లో కొట్టకూడదు. బంతి అక్కడ పడ్డాక లోపలికెళ్ళి కొట్టొచ్చు, ఇది చాలామంది కొత్తవాళ్ళకి తెలీదు, కిచెన్‌లో కాలే పెట్టకూడదు అనుకుని చేతికొచ్చే బంతులు వదిలేస్తుంటారు.

ఒక పాయింట్ ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూస్తే ఆట లాజిక్ మొత్తం అర్థమవుతుంది. సర్వీస్ కింద నుంచే వేయాలి, ఎదుటి టీం దాన్ని ఒక స్టెప్ పడనిచ్చి కొట్టాలి, వాళ్ళు కొట్టిన రిటర్న్‌ని సర్వీస్ చేసిన టీం కూడా ఒక స్టెప్ పడనివ్వాలి, ఆ తర్వాతే ఎవరైనా గాల్లో కొట్టొచ్చు. అంటే రిటర్న్ కొట్టినవాళ్ళు వెంటనే నెట్ దగ్గరికి వచ్చేసి కిచెన్ లైన్ మీద నిలబడతారు, సర్వీస్ చేసినవాళ్ళు మాత్రం వెనకాలే ఇరుక్కుపోతారు. పైగా పాత స్కోరింగ్‌లో సర్వీస్ చేసే టీంకే పాయింట్ వస్తుంది. ఇప్పుడు మూడో షాట్ వాళ్ళ చేతిలో ఉంది. గట్టిగా కొడితే నెట్ దగ్గరున్నవాళ్ళు ప్యాడిల్ అడ్డం పెట్టి వీళ్ళ కాళ్ళ దగ్గరికే తోసేస్తారు. అందుకే బంతిని మెల్లగా ఎత్తి, నెట్ దాటగానే ఎదుటివాళ్ళ కిచెన్‌లో వాలేలా వేయాలి. అది సరిగ్గా పడితే ఎదుటివాళ్ళు దాన్ని కింద నుంచి లేపక తప్పదు, ఆ సందులో వీళ్ళు ముందుకొచ్చేస్తారు. దీన్నే థర్డ్ షాట్ డ్రాప్ అంటారు, అక్కణ్ణుంచి కిచెన్‌లోకి చిన్న చిన్నగా వేసుకునే షాట్లని డింక్ అంటారు. మొదటి నెలలో "ఈజీ ఆట" అన్నవాళ్ళు ఆ ఒక్క డ్రాప్ దగ్గర నెలల తరబడి ఆగిపోవడం చాలా మామూలు.

అద్దం దగ్గర ఏం జరుగుతుంది

ప్యాడెల్ కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, చుట్టూ మందపాటి అద్దం, ఇనుప జాలీ. స్కోరు టెన్నిస్‌లాగే 15, 30, 40. సర్వీస్ ఇక్కడ కూడా కింద నుంచే, బంతిని ఒకసారి నేలకేసి నడుం ఎత్తు దాటకుండా కొట్టాలి. బంతి ఎదుటివాళ్ళ కోర్టులో ముందు నేల మీద పడాలి, ఆ తర్వాత అద్దానికి తగిలినా ఆట నడుస్తూనే ఉంటుంది. నేల తగలకుండా నేరుగా ఎదుటి అద్దానికి కొడితే పాయింట్ పోయినట్టే. మన వైపు అద్దానికి కొట్టి అటు పంపడం మాత్రం రూల్స్ ఒప్పుకుంటాయి.

కొత్తవాళ్ళు మొదటిరోజు చేసే తప్పు ఒకటే, అందరూ అదే చేస్తారు. బంతి పక్కనుంచి వెనక్కి వెళ్తుంటే దాని వెంట పరిగెత్తి, అద్దం దగ్గరికి పోయి, అది తగిలి తిరిగొచ్చే లోపే బ్యాట్ ఊపేస్తారు. బంతేమో అద్దం నుంచి వచ్చి ఒంటికి తగులుతుంది, లేదా చంక కిందగా ముందుకెళ్ళిపోతుంది. ఆడటం వచ్చినవాళ్ళు అదే బంతికి ఏం చేస్తారంటే, దానికి దారి వదిలి పక్కకి తిరుగుతారు, అద్దం వైపు ఒకటి రెండు అడుగులు వేసి ఆగుతారు, బంతి అద్దానికి కొట్టుకుని మళ్ళీ ముందుకొస్తుంటే దానితోపాటే ముందుకు కదిలి, నడుం కింద నుంచి మెల్లగా ఎదుటివాళ్ళ తల మీదుగా పైకి లేపుతారు. అసలు ఆట అంతా ఆ ఆగడంలోనే ఉంది. టెన్నిస్‌లో దాటిపోయిన బంతి పోయినట్టే కదా, ఇక్కడ దాటిపోయిన బంతి ఇంకా మన చేతిలోనే ఉన్నట్టు. ఆ నమ్మకం ఒంటికి ఎక్కడానికి నాలుగైదు సార్లు ఆడాలి, ఎక్కాక మాత్రం ర్యాలీలు ఎంత సాగుతాయంటే ఇరవై ముప్ఫై షాట్లు కూడా వింత కాదు.

ఇక్కడ ఒక పోలిక ఎవరూ పెద్దగా చెప్పరు గానీ చాలా ముఖ్యం. పికిల్‌బాల్‌లో సర్వీస్ చేసినవాళ్ళు వెనకబడి మొదలవుతారు, ప్యాడెల్‌లో సర్వీస్ చేసినవాళ్ళు వేసిన వెంటనే నెట్‌కి వచ్చేయొచ్చు, కాబట్టి వాళ్ళదే పైచేయి. ఒకచోట వెనకున్నవాళ్ళు బంతిని కిందకి దించి ముందుకొస్తారు, ఇంకోచోట వెనకున్నవాళ్ళు బంతిని పైకి లేపి ఎదుటివాళ్ళని వెనక్కి పంపుతారు. రెండూ నెట్ కోసం జరిగే పోరే, దారులు మాత్రం తలకిందులు. అందుకే ఒకదాంట్లో బాగా ఆడేవాళ్ళు రెండోదాంట్లో దిగగానే తడబడతారు.

బ్యాడ్మింటన్ చేతులకి ఏది కుదురుతుంది

తెలుగువాళ్ళలో కొత్తగా ఈ ఆటలకి వచ్చేవాళ్ళలో చాలామంది బ్యాడ్మింటన్ నుంచే వస్తారు, అందులో ఆశ్చర్యం లేదు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లాండ్ గెలిచినప్పటి నుంచి, ఆ తర్వాత సైనా, సింధు, శ్రీకాంత్‌ల మీదుగా, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో టెన్నిస్ కోర్టు లేకపోయినా బ్యాడ్మింటన్ కోర్టు మాత్రం ఉంటోంది. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతలూ పికిల్‌బాల్ కోర్టు కొలతలూ ఒకటే, 20 బై 44 అడుగులు. అంటే కోర్టులో ఎవరు ఎక్కడ నిలబడాలి, పార్ట్‌నర్‌తో పక్కపక్కన ఎలా కదలాలి అనేది వీళ్ళకి ముందే ఒంట్లో ఉంటుంది. నెట్ దగ్గర చటుక్కున స్పందించే చూపు కూడా.

ఇబ్బంది మణికట్టుతో. బ్యాడ్మింటన్ రాకెట్ 80, 90 గ్రాములు, ప్యాడిల్ దానికి రెండింతల పైన. షటిల్‌ని కొట్టినట్టు మణికట్టు తిప్పి కొడితే బంతి ఎటో పోతుంది, పైగా ఆ అలవాటు మానకపోతే కొన్ని వారాలకి మోచేయి బయటి వైపు నొప్పి మొదలవ్వచ్చు. బ్యాడ్మింటన్‌లో ఎత్తుగా వచ్చిందల్లా స్మాష్ చేసే ఆత్రం కూడా ఇక్కడ పనిచేయదు. ప్యాడెల్‌లో ఈ ఆత్రం ఇంకా నష్టం, ఎందుకంటే పైనుంచి గట్టిగా కొట్టిన బంతి ఎదుటి అద్దానికి తగిలి, వాళ్ళు తీరిగ్గా కొట్టుకునేలా మళ్ళీ మధ్యలోకి వచ్చేస్తుంది.

టెన్నిస్ ఆడినవాళ్ళకి ప్యాడెల్ స్కోరు, వాలీ (బంతిని గాల్లోనే కొట్టడం), బంతి బరువు అన్నీ తెలిసినవే, అద్దం ఒక్కటే కొత్త. స్క్వాష్ ఆడినవాళ్ళకైతే అద్దం కూడా పాతదే. టేబుల్ టెన్నిస్ వాళ్ళు పికిల్‌బాల్ కిచెన్ దగ్గర అందరికన్నా త్వరగా కుదురుకుంటారు. ఏ ఆటా ఆడనివాళ్ళకి పికిల్‌బాల్ మొదటి వారం సుఖంగా ఉంటుంది.

ఒకటి గల్లీ గల్లీకి ఎందుకొచ్చింది

ఇండియాలో పికిల్‌బాల్ నిన్నమొన్నటిదేం కాదు. ముంబైకి చెందిన సునీల్ వాలావల్కర్ 2008లోనే ఆల్ ఇండియా పికిల్‌బాల్ అసోసియేషన్ పెట్టారు. చాలా ఏళ్ళు పెద్దగా ఎవరికీ తెలియకుండానే నడిచింది. 2025 మొదట్లో ముంబైలో జరిగిన వరల్డ్ పికిల్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఒక టీం ఉంది, చెన్నై టీంకి సమంత ఓనర్, దాంతో తెలుగు టీవీల్లో, రీల్స్‌లో ఆ మాట మారుమోగింది. అదే ఏడాది కేంద్ర క్రీడల శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌ని జాతీయ ఫెడరేషన్‌గా గుర్తించింది.

కానీ సినిమావాళ్ళ వల్లే కోర్టులు పెరిగాయి అనుకుంటే పొరపాటు. అసలు కారణం జాగా లెక్క. పికిల్‌బాల్ కోర్టుకి చుట్టూ తిరిగే చోటుతో కలిపి 30 బై 60 అడుగులుంటే హాయిగా సరిపోతుంది, ఒక టెన్నిస్ కోర్టు పట్టే చోట నాలుగు వస్తాయి, నాలుగు కోర్టుల్లో పదహారు మంది. గట్టి నేల ఉంటే రంగు, గీతలు, నెట్, లైట్లు, ఇంతే. వ్యాపారం నడవకపోతే ఆ నేలని ఇంకోదానికి వాడుకోవచ్చు, మేడ మీద కూడా వేసుకోవచ్చు. ప్యాడెల్‌కి పునాది, ఉక్కు ఫ్రేము, టఫెన్డ్ గ్లాసు, ఇసుక చల్లిన టర్ఫ్, అన్నీ కావాలి, పెట్టుబడి కొన్ని రెట్లు ఎక్కువ, కట్టాక ఆ నిర్మాణం ప్యాడెల్‌కి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. అందుకే అద్దె స్థలంలో రెండు మూడేళ్ళ లీజు మీద నడిపేవాళ్ళు ప్యాడెల్ జోలికి వెళ్ళడానికి ఆలోచిస్తారు, ఆడేవాళ్ళకి కోర్టు దూరమైపోతుంది.

దూరం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. నడిచి వెళ్ళే దూరంలో కోర్టుంటే వారానికి మూడు సార్లు ఆడతారు, ట్రాఫిక్‌లో గంట ప్రయాణమైతే వారానికోసారి, తర్వాత నెలకోసారి. ఏ ఆటైనా వచ్చేది తరచుగా ఆడితేనే.

డబ్బు, మనుషులు

గంట అద్దె ఊరిని బట్టి, టైమింగ్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఒక లెక్క అనుకుని చూద్దాం. పికిల్‌బాల్ కోర్టు గంటకి 800, ప్యాడెల్ కోర్టు 2,000 అనుకుంటే, నలుగురు పంచుకుంటే తలకి 200, 500. వారానికి రెండు గంటల చొప్పున నెలకి ఒకటి 1,600, ఇంకోటి 4,000. ఇక్కడ లెక్కలోకి రానిది ఒకటుంది, నలుగురిలో ఒకరు చివరి నిమిషంలో రానంటే ఏంటి. పికిల్‌బాల్‌లో ఇద్దరున్నా సింగిల్స్ ఆడుకోవచ్చు, ముగ్గురున్నా ఏదో రకంగా సర్దుకోవచ్చు. ప్యాడెల్ పుట్టుకే డబుల్స్ ఆట, మామూలు కోర్టులో ఇద్దరే ఆడితే అంత వెడల్పు కాయలేక ఆట పాడవుతుంది, సింగిల్స్‌కి ఆరు మీటర్ల సన్న కోర్టులు ఉన్నాయి గానీ అరుదు. కాబట్టి ప్యాడెల్ ఎంచుకునే ముందు కోర్టు కన్నా ముందు మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి.

బ్యాట్ విషయంలో తొందర అనవసరం. క్లబ్బుల్లో అద్దెకిస్తారు. కొనేటప్పుడు కొత్తవాళ్ళకి పికిల్‌బాల్‌లో 16 మిల్లీమీటర్ల మందం ప్యాడిల్ కంట్రోల్ బాగా ఇస్తుంది, ప్యాడెల్‌లో గుండ్రని తల ఉన్న తేలికైన రాకెట్. వజ్రం ఆకారం రాకెట్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ బరువు తల వైపు ఉంటుంది, అవి గట్టిగా కొట్టడం వచ్చినవాళ్ళకి.

మోకాలు, మడమ, కన్ను

పికిల్‌బాల్ ఒంటికి తేలిక అనే మాట సగమే నిజం. పరుగు తక్కువ, నిజమే. కానీ ఆగడం, కదలడం, వంగడం చాలా ఎక్కువ, పిక్కల మీద, మడమ వెనకుండే స్నాయువు (అకిలెస్ టెండన్) మీద భారం పడుతుంది. అమెరికాలో 2010 నుంచి 2019 వరకు పికిల్‌బాల్ దెబ్బలతో ఎమర్జెన్సీకి వెళ్ళినవాళ్ళలో అత్యధికులు అరవై దాటినవాళ్ళే. ఆ వయసులో పెద్ద ప్రమాదం పడిపోవడం, పడిపోవడానికి ఎక్కువగా దారితీసేది తల మీదుగా వెళ్ళే బంతి కోసం వెనక్కి వెనక్కి నడవడం. పెద్దవాళ్ళకి కోర్టులో మొదట నేర్పాల్సింది షాట్లు కాదు, వెనక్కి నడవకుండా పక్కకి తిరిగి వెళ్ళడం. మామూలు రన్నింగ్ షూస్ పక్కకి కదిలేటప్పుడు చీలమండని పట్టి ఉంచవు, కోర్టు షూస్ కావాలి.

ప్యాడెల్‌లో మోచేయి, భుజం, నడుం. రాకెట్ బరువు, పదేపదే తల మీదుగా కొట్టాల్సి రావడం కారణం. టర్ఫ్ మెత్తగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళకి సిమెంటు మీద కన్నా కొంత నయం. రాకెట్ చేతి నుంచి జారిపోకుండా మణికట్టుకి తాడు తప్పనిసరి, రూల్‌లోనే ఉంది, మూసిన కోర్టులో నలుగురుంటారు కదా మరి.

కన్ను సంగతి రెండింటికీ వర్తిస్తుంది. పికిల్‌బాల్‌లో రెండు టీంలూ కిచెన్ లైన్ల దగ్గర నిలబడితే మధ్య దూరం 14 అడుగులే, అంత దగ్గర్నుంచి వచ్చే బంతికి కన్ను మూసే టైం కూడా ఉండదు. పగలని కళ్ళద్దాలు పెట్టుకోవడం మంచిది.

ఎండ, గాలి, మంచు, చప్పుడు

చిల్లుల బంతికి గాలి శత్రువు. విశాఖ బీచ్ వైపు సాయంత్రం గాలికి ఓపెన్ కోర్టులో డ్రాప్ షాట్ నేర్చుకోవడం కష్టమే, ఔట్‌డోర్ బంతికి మామూలుగా 40 చిన్న చిల్లులు, ఇండోర్ బంతికి 26 పెద్ద చిల్లులు, అవి మార్చి వాడితే కొత్తవాళ్ళకి ఇంకా గందరగోళం. ఏప్రిల్, మే ఎండలకి ప్లాస్టిక్ మెత్తబడి బంతి తీరు మారిపోతుంది. ప్యాడెల్ బంతికి గాలి అంత ఇబ్బంది కాదు, అద్దాలు కూడా అడ్డం ఉంటాయి, కానీ ఆ అద్దాల వల్లే ఎండాకాలం సాయంత్రాలు లోపల ఉక్క. డిసెంబర్ రాత్రుల్లో అద్దం మీద మంచు పడితే బంతి తగిలి రావాల్సింది పోయి కిందకి జారిపోతుంది, తుడుచుకుని ఆడాల్సిందే.

చప్పుడు విషయం అపార్ట్‌మెంట్ కమిటీలకి ముఖ్యం. గట్టి ప్యాడిల్ మీద గట్టి ప్లాస్టిక్ తగిలితే వచ్చే టక్ టక్ శబ్దం సన్నగా, పదునుగా ఉంటుంది, దూరానికి వినిపిస్తుంది. అమెరికాలో దీని మీద ఇరుగుపొరుగు కోర్టులకెక్కిన కేసులున్నాయి. ఇక్కడ పిల్లల పరీక్షల రోజుల్లో బ్లాక్ పక్కనే రాత్రి పదింటి దాకా ఆడితే గొడవ రాక మానదు. టైమింగ్స్ ముందే రాసిపెట్టుకున్న చోట ఆట నిలుస్తుంది.

ఎక్కడుంటే ఏది

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి పెద్దగా ఎంపిక అక్కర్లేదు. అక్కడి స్పోర్ట్స్ ఇండస్ట్రీ సంఘం లెక్క ప్రకారం 2024లో 1.98 కోట్ల మంది పికిల్‌బాల్ ఆడారు, ఊరి పార్కుల్లో ఫ్రీ కోర్టులుంటాయి, వరసలో ప్యాడిల్ పెట్టి నిలబడితే తెలియనివాళ్ళతోనే ఆట దొరుకుతుంది. ఆరు నెలలకని పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలకి పొద్దున్నే నలుగురితో మాట కలిసే చోటు కూడా అదే. దుబాయ్, దోహా, కువైట్‌లో ప్యాడెల్‌ది పైచేయి, ఏసీ ఇండోర్ కోర్టులున్నాయి, ప్రపంచ ప్యాడెల్ చాంపియన్‌షిప్ 2021లో దోహాలో, 2022లో దుబాయ్‌లో జరిగింది.

మోజు మీద కోర్టులు కట్టేవాళ్ళు స్వీడన్‌ని చూడాలి. కోవిడ్ టైంలో అక్కడ ప్యాడెల్ విపరీతంగా పెరిగి, గోడౌన్లన్నీ కోర్టులైపోయి, ఆడేవాళ్ళ కన్నా కోర్టులు ఎక్కువైపోయి, 2022 తర్వాత చాలా సెంటర్లు దివాలా తీశాయి. ఆట మాత్రం చావలేదు, అద్దెలు తగ్గాయి. మన నగరాల్లో పికిల్‌బాల్ కోర్టుల పోటీ చూస్తుంటే అలాంటి వడపోత ఇక్కడా రావచ్చు, కాబట్టి ఏడాది మెంబర్‌షిప్ ఒకేసారి కట్టేయడం కన్నా గంటకింతని ఆడుకోవడం ప్రస్తుతానికి క్షేమం.

తేల్చుకోలేనివాళ్ళు రెండింటినీ ఒక్కోసారి ఆడి చూసి నిర్ణయిస్తారు, అది సరిపోదు, ఎందుకంటే మొదటి గంట రెండూ సరదాగానే ఉంటాయి. ఒక్కోదానికి మూడు గంటలు ఇవ్వాలి, మూడో గంట ఆడటం వచ్చినవాళ్ళతో ఆడాలి. పికిల్‌బాల్‌లో పది డింకులు ఓపిగ్గా వేసి పదకొండోదాని కోసం చూస్తుంటే బాగుందా విసుగొచ్చిందా, ప్యాడెల్‌లో బంతి భుజం దాటి వెనక్కి పోయినప్పుడు అద్దం వైపు తిరిగి ఎదురుచూడటం బాగుందా భయమేసిందా, అది ఆ మూడో గంటలో తెలిసిపోతుంది.